స్కార్లెట్ 2ఐ2 ఎనిమిది నెలలు వాడాక: డబ్బా బంగారం, ఏడిపించింది వైర్లే

ఫోకస్‌రైట్ వాళ్ళ స్కార్లెట్ 2ఐ2, అంటే మైకునీ గిటారునీ ల్యాప్‌టాప్‌కి కలిపి రికార్డు చేసుకునే ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బా, కొనొచ్చా అంటే కొనొచ్చు. తొందరలో ఉన్నోళ్ళు ఇక్కడితో ఆపేసి కొనేసుకోండి. మిగతాదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఎనిమిది నెలల్లో నేను "ఛ, డబ్బులు దండగ" అనుకున్న ప్రతిసారీ కాసేపయ్యాక తేలిందేంటంటే తప్పు ఆ ఎర్ర డబ్బాది కాదు, నేను ఏ కన్నంలో ఏ వైరు దూర్చానో, ఏ బటన్ నొక్కడం మర్చిపోయానో, అదీ. కొత్తగా కొనేవాళ్ళకి ఆ తిప్పలు తప్పుతాయేమో అని రాస్తున్నా.

మాది హిందూపురం, బెంగళూరొచ్చి పదకొండేళ్ళు, కేఆర్ పురం దగ్గర రెండు బెడ్రూముల ఇల్లు, అందులో రెండో బెడ్రూము పగలు నా ఆఫీసు, రాత్రి బట్టలారేసే గది, ఆదివారం స్టూడియో. మా ఆవిడ కీర్తనలు బాగా పాడుతుంది, నేను గిటారు ఏదో వాయిస్తా అంటే వాయిస్తా, మా బామ్మర్ది బీటీఎమ్ నుంచి కీబోర్డు చంకలో పెట్టుకుని వస్తాడు. అంతకుముందు ఫోన్‌లోనే రికార్డు చేసేవాళ్ళం, అందులో పాట కంటే ఫ్యాను ఎక్కువ వినపడేది.

నాది థర్డ్ జెనరేషన్, 2019లో వచ్చిన మోడలు. 2023లో ఫోర్త్ జెనరేషన్ వచ్చాక చాలామంది పాతవి అమ్మేస్తున్నారు, అలా ఒకాయన దగ్గర తొమ్మిదిన్నర వేలకి దొరికింది. మెట్రో స్టేషను బయట బైకు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని టెస్ట్ చేశాం, వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని ఏదో బాంబు డిఫ్యూజ్ చేస్తున్నట్టు చూశారు. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు రెండు ఇన్‌పుట్లూ, హెడ్‌ఫోన్ సాకెట్టూ, గెయిన్ నాబ్ (లోపలికొచ్చే సౌండుని పెంచేది) తిప్పేటప్పుడు గరగర వస్తుందా లేదా, ఈ మూడూ చూసుకోండి చాలు.

పేరులోనే ఉంది, రెండు లోపలికి, రెండు బయటికి. ముందు వైపు రెండు కాంబో సాకెట్లు (మైకు వైరూ, గిటారు వైరూ రెండూ పట్టేవి), వాటి పక్కన గెయిన్ నాబులు, నాబు చుట్టూ లైటు రింగు. సౌండు వస్తుంటే పచ్చ, ఎక్కువవుతుంటే నారింజ, పగిలిపోతే ఎరుపు. తర్వాత ఒక్కో ఇన్‌పుట్‌కి ఇన్‌స్ట్ (ఇన్‌స్ట్రుమెంట్) అని ఒక బటన్, ఎయిర్ అని ఒకటి, రెండిటికీ కలిపి 48వి అని ఒకటి, డైరెక్ట్ మానిటర్, హెడ్‌ఫోన్స్. వెనకాల స్పీకర్లకి రెండు, యూఎస్‌బీ-సీ ఒకటి. వేరే అడాప్టర్ అక్కర్లేదు, ల్యాప్‌టాప్ నుంచే కరెంటు లాక్కుంటుంది, కాకపోతే చీప్ యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టకుండా డైరెక్ట్‌గా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి.

ఇంక అసలు కథ.

డబ్బా వచ్చిన మర్నాడే మైక్ వైరు కోసం ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డుకి పోయా. అక్కడ మూడు పిన్నులది ఎక్స్‌ఎల్‌ఆర్ అంటే కొందరికి తెలుస్తుంది గానీ కేనన్ అంటే అందరికీ తెలుస్తుంది, గిటారు వైరుకి ఉండే లావు జాక్‌ని పి38 అంటారు, ఫోన్ ఇయర్‌ఫోన్ సైజుది ఈపీ. ఈ మూడు మాటలు నేర్చుకుంటే ఎస్పీ రోడ్డులో బతికేయొచ్చు. నాకు అప్పుడు తెలీదు కదా, ఒక కొట్టులో "మైక్ కేబుల్" అన్నా, ఆయన "యావ్ మైక్ సార్" అన్నాడు, "పాట పాడే మైకు" అన్నా, ఒక పక్క కేనన్ ఇంకో పక్క పి38 ఉన్న వైరు చుట్టి చేతిలో పెట్టాడు, నేనూ తెచ్చేసుకున్నా. కాంబో సాకెట్లో రెండూ పడతాయి కాబట్టి పి38 చక్కగా దూరింది, టక్ అని కూర్చుంది కూడా.

మైకు షూర్ ఎస్ఎమ్58, 1966 నుంచి వస్తున్న మోడలు, కింద పడేసినా పాడే రకం. మా ఆవిడ పాడుతోంది, గెయిన్ పూర్తిగా తిప్పేశా, హెడ్‌ఫోన్లో ఎక్కడో పక్క వీధిలో పాడుతున్నట్టు వస్తోంది. రింగు లైటు పచ్చగా కూడా వెలగట్లేదు. ఒక గంట డ్రైవర్లు తీసేసి మళ్ళీ వేశా, విండోస్ సెట్టింగులన్నీ కెలికా, అమ్మినాయనకి మెసేజ్ పెట్టబోయి ఆగా.

సంగతేంటంటే ఆ కాంబో సాకెట్టు చూడ్డానికి ఒకటే గానీ లోపల రెండు దార్లు. చుట్టూ ఉన్న మూడు కన్నాలు మైక్ ప్రీఆంప్‌కి పోతాయి, అది 56 డెసిబెల్స్ దాకా పెంచుతుంది. మధ్యలో ఉన్న పెద్ద కన్నం లైన్‌కి గానీ గిటారుకి గానీ. అంటే కీబోర్డు లాంటి గట్టి సిగ్నల్ వస్తుందని అనుకుని కూర్చుని ఉంటుంది, మైక్ నుంచి వచ్చేదేమో చీమంత. మైకుని ఈ డబ్బాకి పెట్టాలంటే రెండు పక్కలా కేనన్ ఉన్న వైరే కావాలి. మళ్ళీ ఎస్పీ రోడ్డు, మళ్ళీ పార్కింగు గొడవ, ఈసారి "రెండు సైడ్లా కేనన్, ఒక పక్క మేల్ ఒక పక్క ఫీమేల్, ఐదు మీటర్లు" అని ధీమాగా అడిగా.

ఆ వైరు పెట్టగానే ఇంట్లో ఇంకో మనిషి వచ్చినట్టుంది గొంతు! ఎస్ఎమ్58కి గెయిన్ ముప్పావు పైనే తిప్పాలి, కంగారు పడకండి, డైనమిక్ మైకులంతే. కానీ పాడ్‌కాస్ట్ వాళ్ళు మోజుపడే ఎస్ఎమ్7బి ఉంది చూడండి, దానికి 60 డెసిబెల్స్ అయినా గెయిన్ కావాలని షూర్ వాళ్ళే చెప్తారు, ఆ మైకే కొనాలనుకుంటే థర్డ్ జెన్ చాలదు, ఫోర్త్ జెన్ తీసుకోండి, దాంట్లో 69 దాకా ఉంది. అదొక్కటే కాదు, ఫోర్త్ జెన్‌లో మైక్ సాకెట్లు వెనక్కి పోయాయి, గెయిన్ దానంతట అదే చూసుకునే ఆటో బటన్ ఉంది. నాకైతే ముందు వైపు సాకెట్లే ఇష్టం, ఊరికే వెనక్కి చెయ్యి పెట్టి తడుముకోనక్కర్లేదు.

గెయిన్ గురించి ఒక్క మాట. మా ఆవిడది ఐదున్నర శ్రుతి, పల్లవి పాడేటప్పుడు చూసి గెయిన్ పెట్టేశా, రింగు పచ్చగా ముద్దొస్తోంది, చరణంలో తారస్థాయికి పోగానే ఎర్రగా మండింది, ఆ ముక్క మొత్తం చిరిగిపోయి వచ్చింది. మళ్ళీ పాడమంటే "ముందే చూసుకోవచ్చు కదండీ" అని ఒక చూపు. అప్పట్నుంచి ముందు చరణంలో పై షడ్జం ఉన్న లైనే పాడించి, మీటరులో మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టి, తర్వాతే పల్లవి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు కాస్త తక్కువ వచ్చినా తర్వాత పెంచుకోవచ్చు, పగిలింది మాత్రం ఎవడూ అతికించలేడు.

కండెన్సర్ మైక్ కూడా ఒక ఫ్రెండ్ దగ్గర తెచ్చి చూశా. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరు గుండానే పంపే కరెంటు) కావాలి, అదే 48వి బటన్. నొక్కకపోతే మైకు శవంలా ఉంటుంది. ఈ డబ్బాలో ఒకే బటన్, రెండు ఇన్‌పుట్లకీ కలిపి వెళ్తుంది. పక్క దాంట్లో ఎస్ఎమ్58 ఉన్నా దానికేం కాదు, వైరు సరైనదైతే. పాత రిబ్బన్ మైకు ఎవరి దగ్గరన్నా ఉంటే మాత్రం ఫాంటమ్ ఆఫ్‌లో ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇంకోటి, ఆ బటన్ నొక్కేటప్పుడు, మైకు పీకేటప్పుడు హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించండి, ధబ్బుమని ఒకటి వస్తుంది, చెవులకి మంచిది కాదు.

కండెన్సర్ సౌండు అద్భుతం, అందులో అనుమానం లేదు, గొంతులో ఊపిరి కూడా వినపడింది. ఆ మాటకొస్తే పక్కింటి కుక్కర్ కూడా. ఒక టేకులో విజిల్ సరిగ్గా సమం మీద పడింది, మా బామ్మర్ది "బావా, పక్కింటావిడ కూడా తాళం నేర్చుకున్నట్టుంది" అని పడీపడీ నవ్వాడు. మనలాంటి అపార్ట్‌మెంట్ వాళ్ళకి డైనమిక్ మైకే దిక్కు, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుంటే వెనకాల ఊరంతా ఏం చేసుకుంటున్నా పెద్దగా పట్టించుకోదు. బెంగళూరు పుణ్యమా అని ఫ్యాను ఆపి కూర్చోవచ్చు, మా తమ్ముడు చెన్నైలో ఉంటాడు, వాడికి ఈ సలహా ఇస్తే ఫోన్ పెట్టేశాడు.

గిటారుకి పి38 వైరే, మధ్య కన్నమే, కానీ ఇన్‌స్ట్ బటన్ నొక్కాలి. నేను రెండు వారాలు నొక్కలేదు, సౌండు దుప్పటి కప్పుకుని వాయించినట్టు ఉండేది, తీగలు పాతబడ్డాయని కొత్త సెట్టు కూడా వేశా. ఎలక్ట్రిక్ గిటారు పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేది) లోపల ఉండేది సన్న తీగ చుట్టిన కాయిల్, దానికి ఎదురుగా ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) బాగా ఎక్కువ ఉంటేనే పై ఫ్రీక్వెన్సీలు బతుకుతాయి. ఈ డబ్బా లైన్‌లో ఉంటే 60 కిలో ఓమ్స్, ఇన్‌స్ట్ నొక్కితే 1.5 మెగా ఓమ్స్. నొక్కగానే దుప్పటి తీసేసినట్టయింది. కొత్త తీగల డబ్బులు పోయాయి, పోనీలే.

పైన ఫ్లోర్లో నెల్లూరు వాళ్ళమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది, "అంకుల్, నాది కూడా రికార్డ్ చేస్తారా" అని వచ్చింది. దాని బ్రిడ్జికి క్లిప్పు పికప్, పీజో రకం, అంటే కాయిల్ కాకుండా అదురుని పట్టుకునేది. దీనికి ఇన్‌స్ట్ నొక్కకపోతే గిటారుకి రివర్సులో జరుగుతుంది, పైవి ఉంటాయి, కింది బేస్ పోతుంది, వయొలిన్ కాస్తా ఈగ అయిపోతుంది. వీణకి అంటించే పికప్పులు కూడా ఎక్కువ ఈ రకమే, సో అదే రూలు. బ్యాటరీ ఉన్న అకౌస్టిక్ గిటార్లది వేరు, వాటి లోపలే చిన్న ప్రీఆంప్ ఉంటుంది, ఇన్‌స్ట్ నొక్కితే గెయిన్ సున్నా దగ్గరే ఎర్రలైటు రావచ్చు, అప్పుడు ఆఫ్ చేసి లైన్‌లో పెట్టుకోండి.

కీబోర్డుకి పెద్ద కథేం లేదు, లెఫ్టు ఒక దాంట్లో, రైటు ఇంకో దాంట్లో, ఇన్‌స్ట్ ఆఫ్, గెయిన్ కింద. రెండు మోనో పి38 వైర్లు.

కానీ శ్రుతి పెట్టె చేసిన పని మాత్రం చెప్పి తీరాలి. ఎలక్ట్రానిక్ తంబురాకి హెడ్‌ఫోన్ అవుట్ ఉంటుంది కదా, దాని నుంచి ఒక పక్క ఈపీ ఇంకో పక్క పి38 వైరు ఇన్‌పుట్‌లో పెట్టా. తంబురా లైటు వెలుగుతోంది, స్పీకర్లో మోగుతోంది, వైరు పెట్టగానే సౌండు మాయం. లేదనుకోండి, బాగా వెతికితే సన్నగా ఏదో గీ అని వస్తోంది. ఇంకో వైరు తెచ్చా, అదీ అంతే. "బావా, నీ డబ్బా చచ్చిపోయింది" అని మా బామ్మర్ది తేల్చేశాడు. చావలేదు. ఆ జాక్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒక గీత ఉంటే మోనో, రెండుంటే స్టీరియో. నా రెండు వైర్లకీ రెండేసి గీతలు. స్టీరియో జాక్ కొసన లెఫ్టు, మధ్య రింగు మీద రైటు వస్తాయి, ఈ ఇన్‌పుట్టేమో బ్యాలెన్స్‌డ్, అంటే కొసన వచ్చినదాంట్లోంచి రింగు మీద వచ్చినదాన్ని తీసేసి మిగిలింది ఇస్తుంది, దూరం నుంచి వచ్చే హమ్మును చంపడానికి పెట్టిన ఏర్పాటు అది. తంబురా లెఫ్టులో, రైటులో ఒకటే సౌండు ఇస్తుంది. ఒకదాంట్లోంచి అదే ఇంకోటి తీసేస్తే ఏం మిగుల్తుంది, సున్నా. డబ్బా దాని పని అది చక్కగా చేస్తోంది, నేనే దాని చేత తంబురాని చంపించా. ఒక పక్క ఈపీ స్టీరియో, ఇంకో పక్క రెండు మోనో పి38లుగా చీలే వైరు తెచ్చి, అందులో ఒక్కటే గుచ్చా, శ్రుతి నిండుగా వచ్చింది. ఫోన్ నుంచి ట్రాక్ పెట్టి పాడేవాళ్ళు కూడా ఇది చూసుకోండి, స్టీరియో వైరు పెడితే మధ్యలో ఉండే గొంతు మాయమై వాయిద్యాలు మాత్రం వింతగా వినపడతాయి, దయ్యం పట్టిందనుకుంటారు.

జుయ్ మనే సౌండు గురించి అందరూ అడుగుతారు. మా ఇంట్లో గిటారు పెట్టినప్పుడు వచ్చేది, ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే పోయేది. చార్జర్ దగ్గర్నుంచీ, ఎర్తింగ్ దగ్గర్నుంచీ యూఎస్‌బీ గుండా వచ్చే గొడవ అది. ఎవరో చార్జర్ ఎర్త్ పిన్ను పీకేయమని సలహా ఇచ్చారు, దయచేసి ఆ పని చేయకండి, షాక్ కొడితే పాట కాదు ఏడుపు రికార్డవుతుంది. నేను అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టా, సగం తగ్గింది, టేక్ తీసేటప్పుడు బ్యాటరీ మీద నడిపిస్తా, మిగతా సగం పోయింది. నిజం చెప్పాలంటే కరెంటు పోయినప్పుడు తీసిన టేకులే మావి అన్నిటికంటే క్లీన్‌గా ఉన్నాయి, కింద జెనరేటర్ మొదలయ్యే దాకా.

లేటెన్సీ. పాడితే హెడ్‌ఫోన్లో అరక్షణం తర్వాత వినపడుతోందని గోల పెట్టేవాళ్ళు ముందు విండోస్‌లో ఫోకస్‌రైట్ వాళ్ళ ఏసియో డ్రైవర్ (ఈ ఆలస్యం తగ్గించేది) వేసుకుని, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్నే సెలెక్ట్ చేసుకోండి. నేను రీపర్ వాడతా. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే సౌండు ముక్క) 256 శాంపిల్స్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 5.3 మిల్లీసెకండ్లు, 128 పెడితే 2.7, లోపలికి బయటికి కలిపితే రెండింతల పైనే అనుకోండి. సౌండు గాల్లో ఒక మీటరు పోవడానికి 3 మిల్లీసెకండ్లు పడుతుంది, అంటే స్పీకర్‌కి రెండు నుంచి నాలుగు మీటర్ల దూరంలో కూర్చుని వాయిస్తున్నట్టు, అంతే. ల్యాప్‌టాప్ పాతదైతే 128 దగ్గర చిటపటలొస్తాయి, అప్పుడు డైరెక్ట్ మానిటర్ నొక్కండి, కంప్యూటర్ చుట్టూ తిరగకుండా డబ్బాలోంచే మీ గొంతు మీకు వస్తుంది. కానీ అది నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపేయండి, లేకపోతే మీరు ఇద్దరవుతారు. ఆ బటన్‌కి మోనో, స్టీరియో రెండున్నాయి, స్టీరియోలో ఉంటే మొదటి ఇన్‌పుట్ ఎడమ చెవిలో, రెండోది కుడి చెవిలో. మా ఆవిడ "హెడ్‌ఫోన్ ఒక పక్క పోయిందండీ" అంటే కొత్త హెడ్‌ఫోన్లకి ఆన్‌లైన్‌లో కార్ట్ దాకా వెళ్ళొచ్చా. మోనోలో పెట్టుకోండి. హెడ్‌ఫోన్ సాకెట్టు కూడా పి38 సైజే, చిన్న అడాప్టర్ ఒకటి డ్రాయర్లో పెట్టుకోండి.

ఎయిర్ బటన్ గొంతుకి కాస్త మెరుపు ఇస్తుంది, ఎస్ఎమ్58కి బాగుంది, వయొలిన్‌కి వద్దు.

నచ్చనిది అంటే ఒకటే, అదీ కొనేముందు నేను ఆలోచించుకోవాల్సింది. రెండే ఇన్‌పుట్లు. గొంతు, వయొలిన్ పెట్టగానే నిండిపోయింది, శ్రుతి ముందే రికార్డు చేసి పెట్టుకుని హెడ్‌ఫోన్‌లో వేసుకుంటున్నాం. మృదంగం వస్తానన్నాయన ఒకరున్నారు, మృదంగానికే కుడి మూతకొకటి ఎడమ మూతకొకటి మైకులు పెడితే బాగుంటుంది, మరి పాడేవాళ్ళెక్కడ? పేరు చూసి 4ఐ4 కొంటే సరిపోతుందనుకోకండి, దాంట్లోనూ మైక్ ప్రీఆంపులు రెండే, మిగతా రెండూ లైన్ ఇన్‌పుట్లు, కీబోర్డుకి పనికొస్తాయి గానీ మైకులకి కాదు. నాలుగు మైకులు కావాలంటే థర్డ్ జెన్‌లో 18ఐ8 దాకా పోవాలి, దాని రేటు చూసి నేను ల్యాప్‌టాప్ మూసేశా. మృదంగం ఆయన్ని ఇంకో ఆదివారం విడిగా పిలిచి వాయించుకుందాం అని ఆవిడే తేల్చింది.

ఇదీ సంగతి. డబ్బాకి తొమ్మిదిన్నర వేలు, వైర్లకీ అడాప్టర్లకీ, తప్పుడు వైర్లతో కలిపి, దగ్గరదగ్గర మూడు వేలు అయ్యుంటాయి. ఆ మొదట కొన్న కేనన్-టు-పి38 వైరు ఇంకా కొత్తగానే ఉంది, గుళ్ళో, పెళ్ళి పందిట్లో పెట్టే ఆంప్లిఫయర్లకి పి38 మైక్ ఇన్‌పుట్ ఉంటుంది కదా, వాటికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. కేఆర్ పురం వైపు ఎవరికన్నా కావాలంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తా.